క్యూజీఐఎస్‌లో గ్రామ పటం: సర్వే నంబర్ల మధ్య సన్న చీలికలు, విడగొట్టాక కలవని విస్తీర్ణాలు

మెట్టపొలం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదోని వైపు ఒక గ్రామం పటాన్ని క్యూజీఐఎస్ 3.34లో (పటాలు గీసే సాఫ్ట్‌వేర్) డిజిటైజ్ చేస్తున్నాను. 412 సర్వే నంబర్లు. సబ్‌డివిజన్లతో కలిపి 1,150 ముక్కలు.

ఇప్పటిదాకా చేసింది: 1:5000 గ్రామ పటం, 300 డీపీఐ స్కాన్. జియోరెఫరెన్సర్‌లో (స్కాన్‌ను నేల మీది దాని చోట కూర్చోబెట్టే టూల్) ఉపగ్రహ చిత్రం మీద 9 పాయింట్లు పెట్టి థిన్ ప్లేట్ స్ప్లైన్ వాడాను, రెసిడ్యువల్ (పాయింట్ల దగ్గర మిగిలిన తేడా) సున్నా వచ్చింది. దాచింది షేప్‌ఫైల్‌గా, ఈపీఎస్‌జీ 4326లో (డిగ్రీల్లో). ప్రతి ముక్కకీ విడిగా పాలిగాన్ (మూసిన ఆకారం) గీశాను. దాదాపు సగం సర్వే నంబర్లకు ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) కాపీలు కూడా ఉన్నాయి, వాటిలో కొలతలు లింకుల్లో ఉన్నాయి.

ఇబ్బందులు ఇవీ:

1. టోపాలజీ చెకర్ (హద్దుల తప్పులు పట్టే టూల్) నడిపితే ఓవర్‌ల్యాప్‌లు, గ్యాపులు కలిపి 2,300 పైచిలుకు. జూమ్ చేస్తే తప్ప కనబడనంత సన్నగా ఉన్నాయి. ఒక్కొక్కటీ సరిచేస్తూ పోతే ఒకచోట సర్దిన గీత పక్కచోట కొత్త చీలిక తెస్తోంది.

2. 118వ నంబరును 118/1, 118/2గా విడగొడితే రెండింటిలోనూ విస్తీర్ణం 4.12 ఎకరాలే చూపిస్తోంది. పట్టాదారు పేరు, మిగతా కాలమ్‌లు కూడా రెండింటికీ అవే.

3. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో విస్తీర్ణం అడిగితే 0.0000012 లాంటి అంకె వస్తోంది. వేరే ఫంక్షన్‌తో చేస్తే 3.71 ఎకరాలు. అడంగల్‌లో అదే నంబరు 3.60. గట్లు కొంచెం జరిపి 3.60కి తేవాలా?

4. ఎక్సెల్‌లో ఉన్న పట్టాదారుల జాబితాను జాయిన్ చేస్తే 300 ముక్కలకు ఖాళీ వస్తోంది. వచ్చినచోట కూడా తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతున్నాయి.

మొత్తం మళ్లీ గీయాల్సిందేనా?

---

గట్టురాయి

మళ్లీ గీయక్కర్లేదు. కానీ పాలిగాన్ పాలిగాన్‌గా సర్దడం మాత్రం వెంటనే ఆపండి. మీరు చెప్పిన మొదటి ఇబ్బందికి మూలం అదే. పొలం గట్టు నేల మీద ఒక్కటే, మీ ఫైల్‌లో మాత్రం రెండుసార్లు ఉంది: ఇటు రైతు పాలిగాన్‌లో ఒకసారి, అటు రైతు పాలిగాన్‌లో ఇంకోసారి. చేత్తో రెండుసార్లు గీసిన గీత ఎప్పుడూ ఒకేచోట పడదు. కాబట్టి గట్టును గీతగా ఒక్కసారే ఉంచి, పాలిగాన్లను ఆ గీతల నుంచి పుట్టించాలి.

ముందుగా లేయర్‌ను మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చి, జియోప్యాకేజ్‌గా (షేప్‌ఫైల్ బదులు వాడే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏ జోన్ అన్నది కింద ఎవరైనా వివరంగా చెబుతారు. డిగ్రీల్లో ఉన్న లేయర్ మీద క్లీనింగ్ టూల్ నడిపితే 0.5 అని మీరిచ్చేది అర మీటరు కాదు, అర డిగ్రీ. అంటే 55 కిలోమీటర్లు. ఊరంతా ఒక చుక్కగా ముడుచుకుపోతుంది.

ఆ తర్వాత వరుస ఇది.

పాయింట్ ఆన్ సర్ఫేస్ టూల్‌తో పాత పాలిగాన్ల నుంచి ఒక్కో ముక్కకు ఒక్కో లేబుల్ పాయింట్ తీయండి. సెంట్రాయిడ్ (ఆకారపు కేంద్రం) వాడొద్దు. ఎల్ ఆకారంలో ఉన్న పొలానికి సెంట్రాయిడ్ పక్కవాడి పొలంలో పడొచ్చు. సర్వే నంబరు, మిగతా వివరాలన్నీ ఈ పాయింట్లలో భద్రంగా ఉంటాయి.

పాలిగాన్స్ టు లైన్స్ నడపండి. వచ్చిన గీతల మీద గ్రాస్ వారి వి.క్లీన్ (గీతలు శుభ్రం చేసే టూల్), మూడు విడతలుగా: మొదట స్నాప్ 0.5 మీటర్లతో, తర్వాత బ్రేక్, తర్వాత ఆర్ఎమ్‌డూప్ల్. స్నాప్ దగ్గరగా ఉన్న వెర్టెక్సులను (గీత మలుపు బిందువులను) కలుపుతుంది. బ్రేక్ ప్రతి కూడలి దగ్గరా గీతను తెంపుతుంది. ఆర్ఎమ్‌డూప్ల్ ఒకదానిమీద ఒకటి పడిన గీతల్లో ఒకటే ఉంచుతుంది. మూడూ ఒకేసారి ఇవ్వొచ్చు గానీ, విడివిడిగా చేస్తే ఏ విడతలో ఏం పోయిందో చూసుకోవచ్చు. 0.5 కంటే పెంచేముందు ఊళ్లో అన్నిటికంటే సన్నని పుంత వెడల్పు ఎంతో చూడండి. మూడు మీటర్ల బండిబాట ఉన్న ఊళ్లో 2 మీటర్ల స్నాప్ పెడితే బాట అక్కడక్కడా మూసుకుపోతుంది.

అప్పుడు పాలిగోనైజ్. కూడళ్ల దగ్గర గీత తెగి ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే బ్రేక్ ముందు కావాలి. చివరగా కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్. ప్రతి పాలిగాన్‌లో సరిగ్గా ఒక లేబుల్ ఉండాలి. సున్నా ఉంటే అది చీలికైనా కావాలి, నంబరు వేయని బాటైనా కావాలి. రెండు ఉంటే మధ్యలో గట్టు గీత ఎక్కడో అందలేదు. ఒకటి ఉన్నవాటికి జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్‌తో వివరాలు ఎక్కించండి.

ఇక ముందు దిద్దుబాట్లకు స్నాపింగ్ టూల్‌బార్‌లో అయిదు సెట్టింగులు పెట్టుకోండి: వెర్టెక్స్ మరియు సెగ్మెంట్ స్నాప్, 12 పిక్సెళ్లు, టోపలాజికల్ ఎడిటింగ్ ఆన్, అవాయిడ్ ఓవర్‌ల్యాప్ ఆన్ యాక్టివ్ లేయర్, స్నాపింగ్ ఆన్ ఇంటర్‌సెక్షన్. టోపలాజికల్ ఎడిటింగ్ ఆన్‌లో ఉంటే ఉమ్మడి రాయిని ఒకసారి జరిపితే దాన్ని పంచుకునే నాలుగు పొలాలూ కలిసి జరుగుతాయి. అయితే ఆ రాయి నాలుగింటిలోనూ వెర్టెక్స్‌గా ఉండాలి. ఒకదానిలో లేకపోతే అది కదలదు, చీలిక పుడుతుంది. మీకు ఒకచోట సర్దితే ఇంకోచోట తెగుతున్నది ఇందుకే.

ఇలాంటి లేని వెర్టెక్స్ ఇంకో దొంగదెబ్బ కూడా తీస్తుంది. 118 ఉత్తరపు గట్టు మధ్యలో 117, 116ల హద్దు వచ్చి ఆనుతుంది. 117, 116లకు అక్కడ వెర్టెక్స్ ఉంటుంది, 118కి ఉండదు. ఒక ప్రొజెక్షన్‌లో అంతా ఒకే సరళరేఖ కాబట్టి బాగానే కనిపిస్తుంది. వేరే ప్రొజెక్షన్‌లోకి మార్చగానే మధ్య వెర్టెక్స్ ఒక వెంట్రుకవాసి పక్కకు పోతుంది, 118 గీత మాత్రం కొస నుంచి కొసకు తిన్నగా ఉండిపోతుంది. మిల్లీమీటరు చీలిక. టోపాలజీ చెకర్‌కు అది కూడా తప్పే.

లేయర్ ప్రాపర్టీస్‌లో డిజిటైజింగ్ ట్యాబ్‌కు వెళ్లి జామెట్రీ ప్రెసిషన్ 0.01 ఇవ్వండి. ఇలాంటి సూక్ష్మపు చెత్త చాలావరకు చేరదు.

---

లింకులగొలుసు

గట్టురాయి గారు చెప్పిన పద్ధతే సరైనది. కానీ అంతకంటే ముందు పటం అసలు దాని చోట కూర్చుందా అన్నది చూసుకోవాలి. లేకపోతే తప్పు చోట ఉన్న పటాన్ని శుభ్రంగా తుడిచినట్టవుతుంది.

థిన్ ప్లేట్ స్ప్లైన్ రెసిడ్యువల్ ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది. ఆ లెక్క కట్టిందే అలా: ఇచ్చిన ప్రతి పాయింటు గుండా పోయేలా కాగితాన్ని రబ్బరులా లాగుతుంది. 9 పాయింట్లలో ఒకటి 15 మీటర్లు తప్పు పెట్టినా సున్నానే, కాకపోతే ఆ చుట్టుపక్కల పొలాలు వంకరపోతాయి. పాలినోమియల్ 1 వాడండి. దానికి కనీసం 3 పాయింట్లు చాలు గానీ 12 నుంచి 15 పెట్టండి, ఊరి నాలుగు మూలలా, మధ్యలోనూ పడేలా. కాగితం పొడవునా అడ్డంగా వేర్వేరుగా సాగినా, కుంచించుకున్నా ఇది సర్దుతుంది, గట్లను మాత్రం వంచదు. ఏ ఒక్క పాయింటు రెసిడ్యువల్ మిగతావాటికి మూడింతలు ఉందో దాన్నే అనుమానించండి.

పాయింట్లు ఉపగ్రహ చిత్రం మీద కాకుండా నేల మీది రాళ్ల దగ్గర, ముఖ్యంగా మూడు గ్రామాలు కలిసే ట్రైజంక్షన్ రాళ్ల దగ్గర తీసుకోండి. చిత్రం తానే కొన్ని మీటర్లు పక్కకు ఉండొచ్చు. అదీగాక చిత్రంలో కనిపించేది సాగు హద్దు, పటంలో ఉన్నది సర్వే హద్దు. రెండూ ఒకటి కావలసిన పని లేదు.

ఎంత కచ్చితం ఆశించాలో కూడా లెక్కేసుకోండి. 300 డీపీఐలో ఒక పిక్సెల్ కాగితం మీద 0.085 మిల్లీమీటరు, 1:5000లో నేల మీద 42 సెంటీమీటర్లు. కాగితం మీద సిరా గీత అర మిల్లీమీటరు మందం ఉంటే అదే 2.5 మీటర్లు. ఈ పటం నుంచి అంతకంటే నిక్కచ్చి హద్దు రాదు. ఎవరైనా తెమ్మన్నా తేలేం.

అందుకే ఎఫ్ఎంబీ ఉన్న నంబర్లకు గ్రామ పటం గీతను వదిలేసి ఎఫ్ఎంబీ కొలతలతోనే ప్లాట్ చేయాలి. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. లింకు అంటే 0.201168 మీటరు. ఉదాహరణకు జి లైన్ (రెండు సర్వే రాళ్ల మధ్య తిన్నగా కొలిచిన గీత) 842 లింకులు ఉందనుకోండి, 169.38 మీటర్లు. దాని మీద 315 లింకుల దగ్గర కుడివైపు ఆఫ్‌సెట్ 46 అని ఉంటే, మొదటి రాయి నుంచి జి లైన్ వెంట 63.37 మీటర్లు వెళ్లి, లంబంగా కుడికి 9.25 మీటర్లు. క్యూజీఐఎస్‌లో అడ్వాన్స్‌డ్ డిజిటైజింగ్ ప్యానెల్ తెరిచి, కన్‌స్ట్రక్షన్ మోడ్‌లో జి లైన్ మీద 63.37 దూరం లాక్ చేసి పాయింటు పెట్టండి. పర్పెండిక్యులర్ పెట్టి 9.25 లాక్ చేయండి. ఆ క్లిక్ పొలం మూల.

లింకులను ముందే మీటర్లలోకి మార్చి ఎక్సెల్‌లో పెట్టుకోండి, స్క్రీన్ ముందు కూర్చుని గుణించొద్దు. రెండు దశాంశాలకు కుదించేది చివర్లోనే.

ఒక నంబరు ప్లాట్ చేశాక రెండు తనిఖీలు చేయాలి. చుట్టూ ఉన్న గట్ల పొడవులు ఎఫ్ఎంబీలో రాసినవాటితో సరిపోవాలి. పక్క నంబరు ఎఫ్ఎంబీలో అదే ఉమ్మడి గట్టు ఎంత రాశారో కూడా చూడాలి. ఈ నంబరులో 412, పక్కదానిలో 421 అని ఉంటే నకలు రాసినప్పుడు అంకెలు తారుమారయ్యాయని ఊహించొచ్చు, కానీ ఏది సరైనదో ఊహతో తేల్చకూడదు. రెండు త్రిభుజాల్లోనూ పెట్టి చూస్తే ఒకటి మూసుకుంటుంది, ఇంకొకటి మూసుకోదు.

---

బహుభుజి

విస్తీర్ణం సంగతి.

మీకు వచ్చిన 0.0000012 చదరపు డిగ్రీలు. ఏరియా ఫంక్షన్‌కు జామెట్రీ ఇస్తే లేయర్ ఏ యూనిట్లలో ఉంటే అందులోనే బల్లపరుపుగా లెక్కిస్తుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా అయితే ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ఉన్న ఎలిప్సాయిడ్ మీద, అంటే భూమి వంపును లెక్కలోకి తీసుకుని ఇస్తుంది. 3.71 అక్కడిది. రికార్డుతో పోల్చడానికి రెండోదే వాడండి.

ఇక మీటర్ల ప్రొజెక్షన్‌కు జోన్. యూటీఎం 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644, తూర్పు రేఖాంశం 78 నుంచి 84 వరకు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం అందులోనే. ఆదోని 77.3 దగ్గర ఉంది కాబట్టి అది 43వ జోన్, ఈపీఎస్‌జీ 32643. నారాయణపేట, జహీరాబాద్ కూడా అంతే. అటు చివర పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 84 దాటి 45లోకి పోతాయి.

జిల్లా మొత్తాన్ని ఒకే జోన్‌లో ఉంచుకోవాలని ఆదోనిని 44లో పెట్టినా పటం చెడదు, కానీ బల్లపరుపు విస్తీర్ణం ఎకరానికి దాదాపు 13 చదరపు మీటర్లు ఎక్కువ వస్తుంది. 43లో పెడితే తేడా 3 చదరపు మీటర్ల లోపే. ఏలూరు దగ్గర, అంటే 81 రేఖాంశం మీద, తిరగబడి ఎకరానికి 3 చదరపు మీటర్లు తక్కువ వస్తుంది. అయిదెకరాల పొలానికి 13 చొప్పున అంటే సెంటున్నర పైన. రైతు సెంటు దగ్గర పట్టుబడతాడు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఒక హెచ్చరిక: సెట్ లేయర్ సీఆర్ఎస్ (ప్రొజెక్షన్ పేరు పెట్టడం) వేరు, రీప్రొజెక్ట్ వేరు. మొదటిది చీటీ మాత్రమే మారుస్తుంది, అంకెలు మారవు. 4326లో ఉన్న లేయర్‌కు 32643 అని చీటీ అంటిస్తే ఊరు మాల్దీవులకు పడమర సముద్రంలోకి, భూమధ్యరేఖ మీదికి పోతుంది. మీకు కావలసింది ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్, అక్కడ సీఆర్ఎస్ ఎంచుకోవడం.

3.60, 3.71 గురించి: గట్లు జరపొద్దు. ఏ పరిస్థితిలోనూ జరపొద్దు. ఒక నంబరును 3.60కి నొక్కితే ఆ 11 సెంట్లు పక్క నంబరులోకి పోతాయి, అక్కడి నుంచి దాని పక్కకు. రెండు కాలమ్‌లు పెట్టండి: రికార్డు విస్తీర్ణం, పటం విస్తీర్ణం. మూడో కాలమ్‌లో తేడా శాతం. ఇక్కడ 3 శాతం పైచిలుకు. తేడా ఊరంతా ఒకే వైపు, ఒకే శాతంలో ఉంటే స్కేలు లేదా జియోరెఫరెన్సింగ్ తప్పు. మీ స్ప్లైన్ తీసేయగానే చాలావరకు సర్దుకోవచ్చు. ఒక మూలలోనే ఉంటే ఆ దిక్కున ఒక పాయింటు తప్పు. ఒకటి పెరిగి పక్కది తరిగితే వాటి మధ్య గట్టు తప్పు. అక్కడక్కడా చెదురుమదురుగా ఉంటే అవి రికార్డులో అడగాల్సిన ప్రశ్నలు, సాఫ్ట్‌వేర్‌లో దిద్దేవి కావు. తేడా శాతాన్ని రంగులతో గ్రాడ్యుయేటెడ్ స్టైల్‌లో పెడితే ఈ నాలుగూ చూడగానే విడిపోతాయి.

---

మెట్టపొలం

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. 43లోకి మార్చి, పాలినోమియల్‌తో మళ్లీ కూర్చోబెడుతున్నాను. ఒక్క సందేహం. 118ని విడగొట్టాల్సింది తూర్పు గట్టుకు సమాంతరంగా, 60 సెంట్లు వచ్చేలా. స్ప్లిట్ టూల్‌తో కంటి అంచనాగా గీస్తే ఒకసారి 57, ఒకసారి 64 వస్తోంది.

---

బహుభుజి

అంచనా అక్కర్లేదు, రెండు విడతల్లో వస్తుంది.

60 సెంట్లు అంటే 2,428.1 చదరపు మీటర్లు. తూర్పు గట్టు 96 మీటర్లు ఉందనుకుందాం. 2428.1 ÷ 96 = 25.29. తూర్పు గట్టు గీతను విడి లైన్ లేయర్‌లోకి కాపీ చేసి, ఆఫ్‌సెట్ లైన్స్‌తో 25.29 మీటర్లు లోపలికి జరపండి. రెండు కొసలూ ఎక్స్‌టెండ్ లైన్స్‌తో పొలం బయటికి వచ్చేదాకా సాగదీయండి. దానితో కోసి చూస్తే పొలం పడమటికి సన్నబడుతుంటే తక్కువ వస్తుంది. 2,374.7 వచ్చిందనుకోండి, 53.4 తక్కువ. కోత గీత పొలం లోపల ఎంత పొడవుందో కొలవండి. 91.8 అయితే, 53.4 ÷ 91.8 = 0.58. అంటే 25.87 దగ్గర కోయాలి. ఈసారి తేడా పావు చదరపు మీటరు కూడా ఉండదు. గట్లు బాగా వంకరగా ఉంటే మూడో విడత కావాలి.

కోసేటప్పుడు ముందుగా 118ని సెలెక్ట్ చేయండి. సెలెక్షన్ ఉంటే స్ప్లిట్ ఫీచర్స్ దాన్నే కోస్తుంది. లేకపోతే కోత గీత కొస తగిలిన పక్క పొలాన్ని కూడా కోయొచ్చు. మొదటి క్లిక్, ఆఖరి క్లిక్ పొలం బయట ఉండాలి లేదా గట్టు మీద స్నాప్ అవ్వాలి. లోపల ఆగితే కోయదు. టోపలాజికల్ ఎడిటింగ్ ఆన్‌లో ఉంటే కోత తగిలినచోట పక్క పొలం గట్టు మీద కూడా వెర్టెక్స్ పడుతుంది. గట్టురాయి గారు చెప్పిన దొంగదెబ్బ అప్పుడు ఉండదు.

రెండు ముక్కల్లోనూ 4.12 రావడం తప్పు కాదు, డిఫాల్ట్ అది. 3.30 నుంచి లేయర్ ప్రాపర్టీస్, ఆట్రిబ్యూట్స్ ఫామ్‌లో ప్రతి ఫీల్డుకూ స్ప్లిట్ పాలసీ ఉంది. సర్వే నంబరుకు డూప్లికేట్. సబ్‌డివిజన్ నంబరుకు రిమూవ్ వాల్యూ, మీరే టైప్ చేసేదాకా ఖాళీగా ఉండాలి. రికార్డు విస్తీర్ణానికి యూజ్ రేషియో కంపొజిషన్ పెడితే ముక్కల నిష్పత్తిలో పంచుతుంది, కానీ నా సలహా దానికి కూడా రిమూవ్ వాల్యూనే. రికార్డులో ఎంత రాశారో అది రికార్డు నుంచే రావాలి, మెషిన్ పంచకూడదు. పటం విస్తీర్ణానికి డిఫాల్ట్ వాల్యూగా ఆ డాలర్ ఏరియా సూత్రం ఇచ్చి, అప్లై ఆన్ అప్‌డేట్ టిక్ పెట్టండి. గట్టు కదిలిన ప్రతిసారీ తానే మారుతుంది.

ప్రతి ముక్కకు ఒక యూయూఐడీ (ఇంకోదానికి రాని గుర్తింపు) కాలమ్ కూడా పెట్టండి. దానికి స్ప్లిట్ పాలసీ యూజ్ డిఫాల్ట్ వాల్యూ. డూప్లికేట్‌లో వదిలేస్తే రెండు ముక్కలకు ఒకే గుర్తింపు వచ్చి, తర్వాత జాయిన్లన్నీ గందరగోళమవుతాయి. ఎఫ్‌ఐడీని (ఫైల్ తానే ఇచ్చే వరుస నంబరు) గుర్తింపుగా నమ్మొద్దు, ఎక్స్‌పోర్ట్ చేస్తే మారిపోవచ్చు. కోసే ముందు పాత 118 పాలిగాన్‌ను ఒక చరిత్ర లేయర్‌లోకి కాపీ చేసి తేదీ వేయండి. కొత్త ముక్కల్లో తల్లి నంబరు అన్న కాలమ్‌లో దాని యూయూఐడీ పెట్టండి. ఆరు నెలల తర్వాత ‘118 ఎటు పోయింది’ అని అడిగేవాళ్లకు జవాబు ఉంటుంది.

ఇదంతా మీ ఫైల్‌లో విభజన మాత్రమే. కొలతతో స్కెచ్ అయి, రికార్డులో ఎక్కేదాకా దాన్ని ప్రతిపాదన అన్న స్టేటస్‌తోనే ఉంచండి.

---

టిప్పన్45

నాలుగో ఇబ్బంది ఎవరూ ముట్టుకోలేదు, నేను తీసుకుంటా.

ఆ 300 ఖాళీల్లో ఎక్కువ భాగం ఎక్సెల్ పుణ్యమే. 12/1 అని కొడితే అది తేదీ అనుకుని 12-జనవరో, 1-డిసెంబరో చేస్తుంది, మీ కంప్యూటర్ ప్రాంతపు సెట్టింగును బట్టి. 118/2 జోలికి పోదు, ఎందుకంటే 118వ తేదీ ఉండదు. కాబట్టి జాయిన్ కానివన్నీ చిన్న నంబర్లేమో చూడండి, వెంటనే తెలిసిపోతుంది. తేదీగా మారాక సెల్ ఫార్మాట్‌ను టెక్స్ట్ చేస్తే 45,000 చుట్టుపక్కల ఒక అంకె మిగులుతుంది, అసలు నంబరు రాదు. మూలం నుంచే మళ్లీ తేవాలి. కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్ చేయాలి. సీఎస్‌వీ అయితే డబుల్ క్లిక్‌తో తెరవకుండా డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఇవ్వాలి. క్యూజీఐఎస్‌లో డిలిమిటెడ్ టెక్స్ట్‌గా తెచ్చేటప్పుడు డిటెక్ట్ ఫీల్డ్ టైప్స్ టిక్ తీసేయండి. 14 అక్షరాల భూఆధార్ (భూమి ముక్క గుర్తింపు) నంబరును కూడా టెక్స్ట్‌గానే ఉంచాలి.

మిగిలినవి కంటికి కనబడనివి: నంబరు చివర ఖాళీ, స్లాష్‌కు ఇరువైపులా ఖాళీ, ఒకదానిలో స్లాష్ ఇంకోదానిలో హైఫన్. తెలంగాణ వైపు 45/అ, 45/ఆ అని బై నంబర్లు ఉంటాయి. అక్కడ పాత అను ఫాంట్‌లో కొట్టిన అక్షరం యూనికోడ్ ‘అ’ కాదు, తెర మీద అలా కనిపిస్తుందంతే. రెండు వైపులా ఒక జాయిన్ కీ కాలమ్ తయారుచేసి, అన్ని ఖాళీలూ తీసేసి, ఒకే గుర్తుతో కలిపి, దాని మీదే జాయిన్ పెట్టండి. అసలు కాలమ్‌ను ముట్టుకోకండి.

పేర్లు తెగడానికి కారణం షేప్‌ఫైల్. దాని డీబీఎఫ్‌లో ఫీల్డు పొడవు బైట్లలో. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్ యూటీఎఫ్ 8లో 3 బైట్లు. 50 పెట్టుకుంటే 16 వస్తాయి, గుణింతాలు, ఒత్తులు, పొల్లులు కూడా అందులోనే లెక్క. ‘వెంకటేశ్వర్లు’ ఒక్క మాటకే 13 పోతాయి. ఇంటిపేరు కూడా చేరితే చివర తెగాల్సిందే. గరిష్ఠం 254 పెట్టినా 84. కాలమ్ పేరుకైతే 10 బైట్లే, అంటే తెలుగులో మూడు. జియోప్యాకేజ్‌లో ఈ గొడవలేవీ లేవు.

తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తే భయపడక్కర్లేదు, సీపీజీ ఫైల్ (ఎన్‌కోడింగ్ చెప్పే చిన్న ఫైల్) తప్పిపోయి ఉంటుంది. లేయర్ ప్రాపర్టీస్, సోర్స్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 ఇస్తే తిరిగొస్తాయి. ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు పోయినట్టే, సేవ్ చేసినప్పుడే చెరిగిపోయాయి.

ఇంకోటి. ఒక సబ్‌డివిజన్‌లో ముగ్గురు పట్టాదారులు ఉంటే జాయిన్ ఒక్క పేరే తెస్తుంది, ఇద్దరు మాయం. అలాంటిచోట జాయిన్ కాదు, రిలేషన్ పెట్టాలి: ప్రాజెక్ట్ ప్రాపర్టీస్, రిలేషన్స్. పొలం తల్లి, పట్టాదారుల పట్టిక పిల్ల. ముగ్గురున్నారని నేల మీద లేని గట్లు గీసి పాలిగాన్‌ను మూడు చేయొద్దు, ఉమ్మడి పొలం ఒకే పాలిగాన్.

మీ ఊరికి పనికిరాదు గానీ ఈ పేజీ చూసే తెలంగాణ వాళ్ల కోసం: పహాణీలో 2.15 అంటే 2 ఎకరాల 15 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 2.375 ఎకరాలు. ఆంధ్రలో 2.15 అంటే 2 ఎకరాల 15 సెంట్లు, నిజంగానే 2.15. గుంటల అంకెను దశాంశం అనుకుని కూడితే మొత్తం తప్పుతుంది. 2.39కి ఒక గుంట కలిపితే 3.00, 2.40 కాదు. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఒక కాలమ్ పెట్టి, చదరపు మీటర్లలోకి మార్చి పోల్చండి. గుంట 33 అడుగుల చదరం, 121 గజాలు, 101.17 చదరపు మీటర్లు. సెంటు 48.4 గజాలు, 40.47 చదరపు మీటర్లు.

---

మెట్టపొలం

జాబితాను మూలం నుంచి మళ్లీ తెచ్చి జాయిన్ కీ పెడితే 300 ఖాళీలు 11కి వచ్చాయి. మీరన్నట్టే, తేదీలుగా మారిపోయినవన్నీ 1 నుంచి 31 లోపు నంబర్లే.

పాలిగోనైజ్ ఫలితం: 1,167 పాలిగాన్లు. లేబుల్ లేనివి 21, రెండు లేబుళ్లు ఉన్నవి 4. ఆ 21ని ఎలిమినేట్ సెలెక్టెడ్ పాలిగాన్స్‌తో పక్కవాటిలో కలిపేయనా?

---

గట్టురాయి

లెక్క సరిపోయింది: 1150 − 4 + 21 = 1167. ఏ లేబులూ ఊరి బయట పడలేదన్నమాట.

21ని ఒక్కసారిగా కలపొద్దు. ఎలిమినేట్ టూల్‌కు పుంతకూ చీలికకూ తేడా తెలియదు, ఎక్కువ ఉమ్మడి గట్టు ఉన్న పొలంలో కలిపేస్తుంది. వంక, డొంక, బండిబాట, నంబరు వేయని పోరంబోకు ఒక రైతు పొలంలోకి వెళ్లిపోయాయంటే రేపు గొడవ అక్కడే.

సన్నదనం లెక్కతో విడదీయండి: 4 × 3.1416 × విస్తీర్ణం, దాన్ని చుట్టుకొలత వర్గంతో భాగించాలి. చదరానికి 0.79 వస్తుంది, 20 మీటర్లు 200 మీటర్ల పొలానికి 0.26, 80 సెంటీమీటర్ల వెడల్పున్న 50 మీటర్ల చీలికకు 0.05. 0.1 కంటే తక్కువ ఉన్నవాటిని సెలెక్ట్ చేయండి. కానీ 6 మీటర్ల బాట 800 మీటర్లు పోతే దానికీ 0.02 వస్తుంది. అందుకని రెండో షరతు: విస్తీర్ణం 100 చదరపు మీటర్ల లోపు. రెండు షరతులూ కలిసినవే చీలికలు. వాటిని ఎలిమినేట్ చేయండి, లార్జెస్ట్ కామన్ బౌండరీ ఆప్షన్‌తో. మిగిలినవాటిని ఒక్కొక్కటీ స్కాన్ పటం మీద చూసి, బాటో వంకో అయితే వాటికి కూడా లేబుల్ ఇచ్చి పాలిగాన్‌గానే ఉంచండి.

ఆ నాలుగింటిలో గట్టు గీత ఒక కొస పక్క గట్టుకు అర మీటరు పైన ఆగిపోయి ఉంటుంది, స్నాప్‌కు అందలేదు. అలా వేలాడే గీతను పాలిగోనైజ్ లెక్కలోకే తీసుకోదు, అందుకే రెండు పొలాలు ఒకటైపోయాయి. లైన్ లేయర్‌లో ఆ నాలుగు చోట్లే చూసి, వెర్టెక్స్ టూల్‌తో కొసను పక్క గట్టు సెగ్మెంట్ మీదికి స్నాప్ చేసి, బ్రేక్, పాలిగోనైజ్ మళ్లీ నడపండి. పాలిగాన్లలో సర్దకండి, గీతల్లోనే సర్దండి.

---

లింకులగొలుసు

ఒక్క మాట చేరుస్తా. ఆ జియోప్యాకేజ్‌ను క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ఒకేసారి తెరవకండి. తెరిచి ఉన్నప్పుడు పక్కన వాల్, ఎస్‌హెచ్‌ఎం అని రెండు చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. తాజా మార్పులు ఇంకా వాల్‌లోనే ఉండొచ్చు. అసలు ఫైల్‌ను మాత్రమే కాపీ చేస్తే నిన్నటి పని రాదు. క్యూజీఐఎస్ మూసి, ఆ రెండూ మాయమయ్యాకే కాపీ తీయండి. ఇద్దరు ముగ్గురు కలిసి దిద్దాలంటే పోస్ట్‌జీఐఎస్‌కు (పటాల డేటాబేస్) మారండి.